బాణాల తల్లికి నిందాస్తుతి

దేవుణ్ణి తిట్టి మెప్పించడం మనవాళ్లకు కొత్త కాదు. గోల్కొండ చెరసాలలో కంచర్ల గోపన్న తాను చేయించిన నగల లెక్క చెప్పి మరీ రాముణ్ణి నిలదీశాడు. కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళంలో కొలువైన ఆంధ్రనాయకుణ్ణి శతకం పొడుగునా ఎత్తిపొడిచాడు. ఆ నిష్ఠూరాలన్నిటినీ మనం భక్తి కిందే జమకట్టుకున్నాం. చనువు లేనివాడు పొగడగలడేమో గాని, తిట్టలేడు.

గణితలోకంలోనూ అలా తిట్లు తింటూ పూజలందుకుంటున్న తల్లి ఒకతె ఉంది. పేరు కేటగరీ థియరీ. ఆమె సన్నిధిలో బతుకు గడిపినవాళ్లే ఆమెకు పెట్టుకున్న ముద్దుపేరు ‘అమూర్త ప్రలాపం’. ఆ పేరు పెట్టింది నార్మన్ స్టీన్‌రాడ్ అంటారు. ఆయన పరాయివాడేమీ కాదు, ఈమె పుట్టిన టోపాలజీ ఇంటివాడే. ఈనాటికీ ఒక పరిశోధకుడు నల్లబల్ల ముందు నిలబడి, "ఇక మిగతాదంతా అమూర్త ప్రలాపమే" అన్నాడంటే విసుక్కుంటున్నాడని అనుకోకండి. పేజీలకు పేజీలు సాగాల్సిన లెక్కను ఆమెకు ఒప్పజెప్పి, తాను సుద్దముక్క కింద పెట్టేస్తున్నాడు.

తల్లీ, ఆ సుద్దముక్కను కింద పెట్టించిన ధీమా నీది. ఈ స్తోత్రం దానికే.

నీ ఆస్తి ఎంతని లెక్కేస్తే నవ్వొస్తుంది. కొన్ని చుక్కలు, వాటి మధ్య కొన్ని బాణాలు. ఒక బాణం ఆగినచోట మరో బాణం మొదలైతే రెండూ కలిసి ఒకే బాణం. వరసగా మూడుంటే ముందు ఏ రెంటిని కలిపినా ఫలితం ఒకటే. ప్రతి చుక్క దగ్గరా ఎక్కడికీ కదలని తత్సమ బాణం ఒకటి. అంతే, అదే ఒక కేటగరీ, నీ రాజ్యాంగం అయిపోయింది. సంఖ్య లేదు, కోణం లేదు, పొడవు లేదు, కాలం లేదు. చుక్క లోపల ఏముందని అడగడం నీ కొలువులో మర్యాద కాదు. అది సమితి కావచ్చు, సమూహం కావచ్చు, సదిశాంతరాళం కావచ్చు, ఒక తర్కవాక్యం కావచ్చు. ఎవరినైనా రానిస్తావు, ఎవరి గుట్టూ అడగవు. ఎవరు ఎవరివైపు ఎలా చూస్తున్నారన్నదొక్కటే నీకు కావాలి.

ఇంత తక్కువ మాట్లాడేదానివి ఇంత ఎక్కువ ఎలా చెబుతావో చూడాలంటే హైస్కూలు మెట్లెక్కితే చాలు.

12, 18. గ.సా.భా. ఎంత? 6. క.సా.గు. ఎంత? 36. తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్లను నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఇప్పుడు అదే లెక్కను నీ కళ్లతో చూడనీ. ప్రతి సంఖ్యా ఒక చుక్క. ఒక సంఖ్య మరొకదాన్ని శేషం లేకుండా భాగిస్తే, దాన్నుంచి దీనికి ఒక బాణం. 6 నుంచి 12కు బాణం ఉంది, 18కీ ఉంది. ఇలా రెంటివైపూ బాణాలు వేయగల సంఖ్యలు ఇంకేమున్నాయి? 1, 2, 3. ఆ మూడూ 6ను కూడా భాగిస్తాయి, కనుక వాటి బాణాలన్నీ 6 మీదుగానే సాగిపోతాయి. ఈ రెంటినీ కలిపి చూడదలచిన ప్రతివాడూ తన గుమ్మం తొక్కే పోవాలని నిలబడ్డ ఆ 6కు నువ్వు పెట్టిన పేరు లబ్ధం. పన్నెండును పద్దెనిమిదితో గుణిస్తే వచ్చే 216తో దీనికి పని లేదు.

ఇదే ప్రశ్న సమితుల్ని అడిగితే? మూడు మూలకాల సమితి ఒకటి, నాలుగు మూలకాలది ఒకటి. రెంటినీ కలిపి చూసేవాళ్లంతా దాటిపోవలసిన గుమ్మం పన్నెండు క్రమయుగ్మాల సమితి, రెనే డెకార్ట్ పేరు మోస్తున్న కార్టీజియన్ లబ్ధం. ఒక సమితిలోని ఉపసమితుల్ని అడిగితే ఆ గుమ్మం పేరు ఛేదనం. చిన్నా పెద్దా వరసలో నిలబడ్డ సంఖ్యల్ని అడిగితే రెంటిలో చిన్నది. తర్కవాక్యాల్ని అడిగితే ‘మరియు’. గసాభా, క్రమయుగ్మం, ఛేదనం, కనిష్ఠం, మరియు. వేర్వేరు తరగతుల్లో, వేర్వేరు మాస్టార్లు, వేర్వేరు బెత్తాలతో నేర్పిన సంగతులివి. నువ్వు ఒక్క వాక్యంలో అన్నిటినీ పిలిచేశావు, అన్నీ పలికాయి.

ఇక బాణాలన్నిటినీ వెనక్కి తిప్పితే గసాభా కసాగు అయిపోతుంది. ఛేదనం సమ్మేళనం అవుతుంది. కనిష్ఠం గరిష్ఠం అవుతుంది. ‘మరియు’ ‘లేదా’ అవుతుంది. మూడు నాలుగుల పన్నెండు కాస్తా మూడూ నాలుగూ ఏడు అవుతుంది. గుణకారాన్ని తిరగేస్తే కూడిక అని ఏ ఎక్కాల పుస్తకమూ చెప్పలేదు, నువ్వు చెప్పావు. ఒక సిద్ధాంతానికి రుజువు రాస్తే చాలు, దాని తిరగేసిన రూపానికి రుజువు అడక్కుండానే చేతిలో పెడతావు. ఇంత ఉదారంగా ఉండేదాన్ని ప్రలాపం అన్నవాళ్ల నోరు ఎంత తీపిదో!

నీ పుట్టుక కూడా ఒక ఉపన్యాసం తప్పిపోవడం వల్లనే జరిగింది. 1941లో సాండర్స్ మెక్లేన్ అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయానికి వచ్చి సమూహాల విస్తరణ మీద వరసగా ఉపన్యాసాలిచ్చాడు. శామ్యూల్ ఐలెన్‌బర్గ్ అక్కడే ఉండేవాడు. వార్సాలో పుట్టిన యూదుడు, 1939లో పోలండ్ వదిలి వచ్చినవాడు. ఆఖరి ఉపన్యాసానికి రాలేకపోయాడు, తనకు విడిగా చెప్పమన్నాడు. మెక్లేన్ చెబుతుంటే ఐలెన్‌బర్గ్‌కు ఎక్కడో విన్నట్టు తోచింది. బీజగణితంలో ఇతను వేస్తున్న లెక్కా, టోపాలజీలో సోలినాయిడ్ అనే మెలికల వస్తువు మీద స్టీన్‌రాడ్ వేసిన లెక్కా ఒకటేలా ఉన్నాయి. ఎందుకుండాలి? ఇద్దరూ ఆ రాత్రంతా కూర్చున్నారు. ఆ కూర్చోవడం మొత్తం 15 ఉమ్మడి పత్రాల దాకా సాగింది. ముద్దుపేరు పెట్టిన స్టీన్‌రాడ్ నీ పుట్టుకలోనే భాగస్థుడన్నమాట.

రెండు లోకాల్లో ఒకే లెక్క కనిపించినప్పుడు, ఆ పోలిక కాకతాళీయమా సహజమా అని ఎలా తేల్చాలి? 1945లో వాళ్లిద్దరూ ప్రచురించిన పత్రం ఈ ప్రశ్నకు జవాబు. పరిమిత పరిమాణం గల సదిశాంతరాళం ఒకటి తీసుకోండి. దాన్ని కొలిచే సరళ ప్రమేయాలన్నీ కలిసి మరో అంతరాళం, దాని ద్వంద్వం. రెంటి పరిమాణమూ ఒకటే గనక ఒకదానితో ఒకటి జత కుదురుతుంది. కానీ కుదర్చాలంటే ముందు ఒక ఆధారం ఎంచుకోవాలి. నేనెంచుకున్న ఆధారంతో నాకొక జత, మీరెంచుకున్న దానితో మీకొక జత. అదే ద్వంద్వానికి ద్వంద్వం దగ్గరికి వెళ్లండి, ఎంపికలన్నీ మాయం. మొదటి అంతరాళంలోని ప్రతి సదిశా ప్రతి కొలబద్దనూ "నన్ను కొలిస్తే నీకెంత వచ్చింది?" అని అడుగుతుంది. ఆ అడగడమే దాని కొత్త రూపం. అమెరికావాడు చేసినా, అమలాపురంవాడు చేసినా ఒకటే వస్తుంది. ఈ రెండు జతల మధ్య తేడా ఉందని గణితజ్ఞులకు అంతకుముందూ తెలుసు. చేతులు ఊపి చెప్పేవాళ్లు. ఆ ఊపే చేతుల్ని పట్టి ఆపి, సహజత్వానికి నిర్వచనం రాశావు నువ్వు. సహజమైన పరివర్తనను చెప్పాలంటే ముందు ఫంక్టర్ కావాలి, అంటే ఒక కేటగరీలోని చుక్కల్నీ బాణాల్నీ కలయికలు చెడకుండా మరో కేటగరీలోకి పంపే పద్ధతి. ఫంక్టర్‌ను చెప్పాలంటే కేటగరీ కావాలి. అసలు కోరుకున్నది మూడో మెట్టు, దాని కోసమే మొదటి రెండూ కట్టారని మెక్లేన్ తరవాత చెప్పుకున్నాడు. ఈ విషయం మీద ఇదొక్క పత్రం చాలు, ఇంకెవరూ ఇంకోటి రాయనక్కర్లేదని కూడా ఆ రోజుల్లో ఇద్దరూ అనుకున్నారట! అరవై నాలుగు పేజీలతో నీ పని అయిపోతుందనుకున్న ఆ అమాయకత్వానికి కూడా ఒక దండం.

అవి యుద్ధం రోజులు. నీ తండ్రులిద్దరూ పగలు కొలంబియా విశ్వవిద్యాలయంలో విమానాల నుంచి గురి చూసి కాల్చే లెక్కలు చేసేవాళ్లు, సాయంత్రాలు నీ బాణాలకు ఇచ్చేవాళ్లు. ఎవరినీ గాయపరచని బాణాలు.

అప్పుడే సముద్రానికి అవతల ఆస్ట్రియాలో, ఎడెల్‌బాక్ దగ్గర జర్మన్లు నడిపిన బందీల శిబిరంలో ఫ్రెంచి అధికారి జాన్ లరే ఉన్నాడు. 1940లో పట్టుబడి అయిదేళ్లు అక్కడే గడిపాడు. ప్రవహించే ద్రవాల గణితంలో ఆయన మహా పండితుడు. ఆ సంగతి తెలిస్తే జర్మన్లు తమ యుద్ధానికి పని చేయిస్తారు. అందుకని ఆ విద్యను దాచేసి, నేనొట్టి టోపాలజీవాణ్ణి అన్నాడు. బందీల కోసం నడిచిన విశ్వవిద్యాలయంలో అదే పాఠం చెప్పాడు. దేనికీ పనికిరాదని పేరుపడ్డ శాస్త్రం కాబట్టే ఎవరూ ఆయన్ను తాకలేదు. ఆ పనికిరానితనపు నీడలో మొలకెత్తిన ఆలోచన యుద్ధమయ్యాక ‘షీఫ్’ అనే పేరుతో లోకానికి అందింది. ఒక ప్రదేశాన్ని ముక్కలుగా కప్పి, ప్రతి ముక్క మీదా ఉన్న సమాచారం ఒకదానిమీదొకటి పడ్డచోట సరిపోతే, మొత్తం మీద ఒక్కటిగా అతికే ఏర్పాటది. నీ భాషలో దాన్ని ఈ అతుకు నియమం పాటించే, బాణాలు తిరగేసిన ఫంక్టర్ అని రెండు ముక్కల్లో చెప్పేస్తారు. నువ్వు దేనికి ఉపయోగమని నిలదీసేవాళ్లకు నా తొలి జవాబు లరే. పనికిరాదనే పేరు ఒక మనిషిని అయిదేళ్లు కాపాడింది.

నిన్ను చూసి భయపడేవాళ్లకు ముందుగా చెప్పవలసింది యొనేడా సంగతి. నొబువో యొనేడా జపాన్ యువకుడు. 1950లలో పారిస్‌లో గార్ దు నోర్ రైల్వే స్టేషన్ కాఫీ హోటల్లో మెక్లేన్‌ను కలిశాడు. మాటలు అక్కడ ముగియలేదు, బండి ఎక్కి కూర్చున్నాక కూడా అది కదిలేదాకా సాగాయి. ఆ మాటల్లో విన్న ఒక చిన్న ప్రమేయికకు మెక్లేన్ యొనేడా పేరు పెట్టాడు. దాని సారాంశం ఏ తెలుగు ముత్తవ్వకైనా తెలుసు. పెళ్లి పందిట్లో కొత్త ముఖం కనిపిస్తే ఆవిడ అడిగేది "మీరు ఎవరి తాలూకు, అమ్మా?" అని. పెళ్లికూతురి మేనత్తకు తోడికోడలు, గుడివాడ పెదనాన్నకు వియ్యపురాలు, అటు చూస్తే మన సుబ్బులుకు పిన్నత్త అని నాలుగు వరసలు తేలేసరికి మనిషి మొత్తం తేలిపోతుంది. యొనేడా చెప్పింది అదే: లోకంలో ఉన్న ప్రతి వస్తువు నుంచీ ఒక వస్తువులోకి వచ్చే బాణాలు, అవి ఒకదానితో ఒకటి కలిసే తీరు తెలిస్తే, ఆ వస్తువు గురించి తెలియాల్సింది ఇంకేమీ మిగలదు. రుజువు నాలుగు వాక్యాలు దాటదు. తత్సమ బాణం ఎక్కడికి వెళ్లి పడుతుందో చూడటమే. మొదటిసారి చదివినవాడు "ఇంతేనా?" అంటాడు. ఏళ్లు గడిచాక మళ్లీ చదివి "ఇంతా?" అంటాడు. యొనేడా తరవాత కంప్యూటర్ల వైపు వెళ్లి, ఆల్గాల్ భాషను తీర్చిదిద్దినవాళ్లలో ఒకడయ్యాడు.

నీ భక్తుల్లో అందరికన్నా వీరభక్తుడు అలెగ్జాండర్ గ్రోథెండీక్. చాలాకాలం ఏ దేశమూ తనవాడనని మనిషి. తండ్రి 1942లో ఆష్‌విట్జ్‌లో చనిపోయాడు. తల్లితో పాటు తానూ ఫ్రాన్సులో నిర్బంధ శిబిరంలో కొన్నాళ్లు గడిపాడు. 1955లో అమెరికాలోని కాన్సస్‌లో కూర్చుని రాసిన పని 1957లో జపాన్‌కు చెందిన తొహోకు గణిత పత్రికలో అచ్చయింది. ఆ వ్యాసాన్ని ఇప్పటికీ అందరూ ‘తొహోకు’ అనే పిలుస్తారు. అప్పటిదాకా నువ్వు మాట్లాడే పద్ధతివి. ఆయన చేతిలో నువ్వు కట్టే పద్ధతివయ్యావు. కష్టమైన ప్రశ్నను ఉలితో బద్దలుకొట్టడం ఆయనకు గిట్టదు. చుట్టూ సిద్ధాంతం అనే సముద్రాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పోతే, ప్రశ్న దానంతటదే మునిగి కరిగిపోవాలంటాడు. తన ఆత్మకథలో ఆ పెరిగే సముద్రాన్ని ఆయనే బొమ్మ కట్టాడు. పన్నెండేళ్ల పాటు పారిస్ శివార్లలోని ఐ.హెచ్.ఇ.ఎస్. అనే పరిశోధన సంస్థలో ఆ నీళ్లు పెరుగుతూనే ఉన్నాయి. 1968లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో జరిగిన బీజీయ జ్యామితి సదస్సుకు ఆయన వచ్చాడు. ఆ సదస్సు సంపుటంలో అచ్చయిన ‘స్టాండర్డ్ కంజెక్చర్స్’ అనే ఆయన ఊహలు ఇంకా పూర్తిగా రుజువు కాలేదు. 1970లో సైన్యం నుంచి ఆ సంస్థకు డబ్బు వస్తోందని తెలిసి వదిలి వెళ్లిపోయాడు. చివరి దశాబ్దాలు పిరనీ కొండల కింద పల్లెలో ఒంటరిగా గడిపి 2014లో కన్నుమూశాడు. ఆయన శిష్యుడు పియర్ డెలిన్, వెయిల్ అనే గణితజ్ఞుడు వదిలిన ఊహల్లో మిగిలిన చివరిదాన్ని 1974లో అచ్చయిన వ్యాసంలో రుజువు చేశాడు. గురువు పోసిన నీళ్లలోనే ఈదాడు గానీ, చివరి గజం ఆయన చెప్పిన దారిన ఈదలేదు. దానికి గురువు అలిగాడు కూడా. నీ గుళ్లోనూ అలకలున్నాయి మరి.

ఇంత చేసినదానివి గనకనే తిట్లూ అంతే గట్టిగా పడ్డాయి. బ్రిటిష్ జ్యామితిజ్ఞుడు మైల్స్ రీడ్ 1988లో విద్యార్థుల కోసం రాసిన పుస్తకంలో, నిన్ను నీ కోసమే చదవడమంత గొడ్డుబోయిన మేధావ్యాపారం ఇంకోటి లేదన్న అర్థం వచ్చేలా బ్రాకెట్లలో ఒక చురక వేసి వదిలాడు. సెర్జ్ లాంగ్ ఇంకా చమత్కారి. తన బీజగణిత పాఠ్యపుస్తకంలో అభ్యాసం కింద ఇచ్చిన పనేమిటంటే, హోమలాజికల్ ఆల్జీబ్రా పుస్తకం ఏదైనా తీసుకుని, రుజువులు చూడకుండా అందులో సిద్ధాంతాలన్నీ మీరే రుజువు చేసుకోండి అని! అంటే ఇందులో ఏముంది, ఎవడికి వాడే చేసుకోవచ్చని. పీటర్ ఫ్రాయ్డ్ నీ ఇంటివాడే. తేలికైనది ఎంత తేలికగా తేలికో చూపించడమే నీ పనేమో అన్నాడు. నన్నడిగితే ఇంతకన్నా గొప్ప పొగడ్త ఏ శాస్త్రానికీ దక్కలేదు. కష్టమైనదేదో తేలికైనదేదో విడదీయడం తెలిస్తే సగం గణితం తెలిసినట్టే. తేలిక భాగాన్ని నువ్వు మోస్తావు, మిగిలిన కష్టం మీద మనిషి బలమంతా పెడతాడు.

రీడ్ చురకలో నిజం లేదని నేననను. బాణాల కోసమే బాణాలు గీసుకునేవాళ్లు నీ చుట్టూ లేకపోలేదు. ఒక్క సమూహాన్నీ చేత్తో ముట్టుకోకుండా, ఒక్క సమీకరణాన్నీ సాధించకుండా, నీ పేర్లు జపిస్తూ తిరిగేవాళ్లను చూస్తే నాకూ చిరాకే. నీ పేర్ల జాబితా కూడా తక్కువది కాదు. అడ్జంక్షన్, మొనాడ్, టోపోస్, కాన్ ఎక్స్‌టెన్షన్, ఆపైన రెండంతస్తుల కేటగరీలు, ఆపైన అంతస్తులే అంతుచిక్కని కేటగరీలు. జేకబ్ లూరీ 2009లో ఆ పై అంతస్తుల మీద తెచ్చిన పుస్తకం 900 పేజీలు దాటింది. పోస్టుకార్డు మీద పట్టే రాజ్యాంగానికి ఇన్ని పేజీల భాష్యమేమిటమ్మా అని అడగబుద్ధేస్తుంది. ఇది నా వంతు నింద, స్వీకరించు.

సినిమావాళ్లు కూడా నిన్ను వదల్లేదు. 1980లో వచ్చిన హాలీవుడ్ చిత్రం ‘ఇట్స్ మై టర్న్’ మొదట్లోనే కథానాయిక జిల్ క్లేబర్గ్ నల్లబల్ల మీద బాణాలు గీస్తూ ‘స్నేక్ లెమ్మా’ను రుజువు చేస్తుంది. బాణాల మధ్య పాములా మెలికలు తిరిగే ఒక దారిని కనిపెట్టే రుజువది. రుజువు మధ్యలో ఒక విద్యార్థి అడ్డుతగులుతాడు కూడా. తెర మీద అంతసేపు అంత సరైన గణితం చూపించిన సినిమా మరొకటి నాకు గుర్తులేదు.

నీ ధైర్యానికి పరాకాష్ఠ లావియర్ కథ. విలియం లావియర్ ఐలెన్‌బర్గ్ దగ్గర 1963లో డాక్టరేట్ పుచ్చుకున్న కుర్రవాడు. సమితుల సిద్ధాంతాన్ని కూడా నీతోనే, బాణాలతోనే నిర్మిస్తానన్నాడు. సమితి అంటే మూలకాల గుంపు గదా, మూలకాలే లేకుండా సమితులేమిటి, కుదరని పని అని సాక్షాత్తూ మెక్లేనే కొట్టిపారేశాడు. తరవాత కాగితాలు చదివాడు. చదివి, మనసు మార్చుకుని, ఆ వ్యాసాన్ని 1964లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో తానే వేయించాడు. నీ సొంత తండ్రి నిన్ను శంకించిన రోజది. నువ్వు గెలిచిన రోజూ అదే. పునాది ఒక్కటే ఉంటుందనీ, అది సమితులేననీ అనుకున్నవాళ్లకు, పునాదిగా ఇంకోటీ నిలబడగలదని చూపించావు.

ఇప్పుడు నువ్వు విశ్వవిద్యాలయాల గోడలు దాటి ఎక్కడెక్కడో తిరుగుతున్నావు. 1989లో ఎయుజెనియో మోజీ ప్రోగ్రాముల అర్థం చెప్పడానికి నీ మొనాడ్‌ను వాడాడు. ఫిలిప్ వాడ్లర్ లాంటివాళ్లు దాన్ని హాస్కెల్ భాషలోకి తెచ్చారు. మొనాడ్ అంటే ఏమిటని అడిగిన పాపానికి, నీ పుస్తకంలోని నిర్వచనాన్ని ఉన్నదున్నట్టు అప్పజెప్పి "ఇందులో అర్థంకానిదేముంది?" అనడం ప్రోగ్రామర్ల మధ్య పాత పరాచికం. మాదాపూర్‌లో రాత్రి షిఫ్టులో కూర్చుని, ఒక జాబితాలోని ప్రతి అంశం మీదా ఒకే పని జరిపించడానికి ‘మ్యాప్’ అని రాసే కుర్రాడు నీ ఫంక్టర్‌నే వాడుతున్నాడు. రెండు పనులు విడివిడిగా రెండుసార్లు జరిపినా, కలిపి ఒక్కసారే జరిపినా అదే జవాబు వస్తుందని అతను నమ్మే నమ్మకం నీ నియమమే. నీ పేరు అతనికి తెలియకపోవచ్చు. నీకు పట్టింపు లేదు.

వాల్తేరు దాకా కూడా వచ్చావు నువ్వు. 1974లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నుంచి యు. మద్దన స్వామి అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో ఒక చిన్న పత్రం ప్రచురించారు. ఏ రకం బీజగణిత నిర్మాణాన్నైనా షీఫ్‌గా పరిచి చూపడం ఎలాగన్నది అందులో విషయం. నాలుగే పేజీలు. జర్మన్ శిబిరంలో ఒక బందీ దాచుకున్న ఆలోచన ఇరవై ముప్పై ఏళ్లలో మన సముద్రపుటొడ్డు చేరింది. దీన్ని గురించి మన పత్రికలు ఏనాడైనా నాలుగు వాక్యాలు రాశాయా? క్రికెట్ స్కోరు మిగిల్చిన చోటులోనైనా?

ఐలెన్‌బర్గ్‌కు ఇంకో పిచ్చి ఉండేది, మన పిచ్చి. భారతదేశం నుంచీ, జావా, కంబోడియా, థాయిలాండ్‌ల నుంచీ కంచు దేవతా విగ్రహాలు సేకరించేవాడు. చిన్నవే, చేతిలో ఇమిడేవే ఎక్కువ. కళావ్యాపారులు ఆయన్ను ‘ప్రొఫెసర్’ అనే ఎరుగుదురు, గణితంలో ఆయన ఎవరో పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1980లలో నాలుగు వందలకు పైగా శిల్పాలను న్యూయార్క్ మెట్రపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. 1991లో వాటితో అక్కడ ప్రదర్శన జరిగింది. ఆ దానం పుణ్యాన కొలంబియాలో గణిత ఆచార్యులను పిలిపించే పీఠం ఒకటి ఆయన పేర ఏర్పడింది. మన బొమ్మలు పోయి అక్కడ గణితం చదివిస్తున్నాయి. రూపమే లేని నిన్ను కన్నవాడు సాయంత్రాలు ఇంట్లో వేలెడంత విగ్రహాల రూపం చూసుకుంటూ కూర్చునేవాడంటే నాకు వైరుధ్యం ఏమీ కనిపించదు. నిర్గుణమూ సగుణమూ రెండూ కావాలనిపించే మనసు మనకు కొత్త కాదు గదా.

గణితం చదువుతున్న పిల్లలకు ఒక మాట. ఈ తల్లి దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్లకండి. నాలుగు సమూహాలు, నాలుగు సదిశాంతరాళాలు, కాస్త టోపాలజీ పట్టుకెళ్లండి. మెక్లేన్ 1971లో తెచ్చిన గ్రంథం పనిచేసే గణితజ్ఞుడి కోసమని పేరులోనే చెప్పుకుంది. అది రెండో మెట్టు. మొదటి మెట్టుకు టామ్ లైన్‌స్టర్ రాసిన ‘బేసిక్ కేటగరీ థియరీ’ ఉంది. 2014లో కేంబ్రిడ్జ్‌వాళ్లు వేశారు, రచయితే దాన్ని ఆర్కైవ్ వెబ్‌సైటులో అందరికీ ఉచితంగా పెట్టాడు. రెండు వందల పేజీలు కూడా లేవు. డిగ్రీ బీజగణితం వచ్చినవాళ్లు వెంటనే మొదలుపెట్టవచ్చు. యొనేడా నాలుగో అధ్యాయంలో ఉంది, అక్కడిదాకా అభ్యాసాలు వదలకుండా చేయండి.